ఏనుగులు లేని గిరిదుర్గం

ఏనుగులన్నిటినీ తీసేసిన తర్వాత కూడా గిరిదుర్గం ఒక్కసారీ ఓడిపోలేదని పట్టికలో చూసిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. అది మంగళవారం, ఉదయం టీ విరామానికి కాస్త ముందు. 'ఓటములు' అన్న గడిలో సున్నా ఉంది. అంతకు ముందు వారం కూడా సున్నాయే. దానికి ముందు వారమూ అంతే. అయితే ఆ రెండు వారాల్లో ఆ రాజ్యానికి ఏనుగులుండేవి. ఇప్పుడు మిగిలిందల్లా ఒక గుట్ట, ఒక చెరువు, నడుము దాకా వచ్చే గోడ, వరి కోసే కొద్దిమంది జనం. అయినా దాన్ని ఎవరూ గెలవలేదు. ఆ పట్టిక కింద సంతకం నాది.

అంటురోగం వల్ల మూసిన సరిహద్దులు తెరుచుకుని, విమానాలు మళ్లీ రావడం మొదలైన మరుసటి సంవత్సరం అది. మా దీవుల దేశపు రాజధాని సువాలో, బట్టల కొట్టు పైన ఉన్న ఒక చిన్న ఆఫీసులో నేను సీనియర్ టెస్టర్‌ని. విదేశాల్లో తయారయ్యే కంప్యూటర్ ఆటలను అమ్మకానికి పెట్టకముందే ఆడి, తప్పులు పట్టి పంపడం మా పని. ఆ తర్వాత మా ఆయనకు లంబాసా బదిలీ అయింది, ఉద్యోగం మానేశాను. బులిలేకాలో చెరకు వేసే మా చుట్టాలు సువాలో ఏం పని చేసేదానివని అడిగితే, ఆటలాడేదాన్నని చెబుతాను. నవ్వుతారు. ఆ పనిలో ఏముంటుందో ఒక్కసారి వివరంగా రాస్తే బాగుంటుందనిపించింది.

మేము మొత్తం ఏడుగురం. టెస్టర్లు ఐదుగురు, వాళ్ల మీద నేను, నా మీద మేనేజర్ ప్రకాశ్ భయ్యా. టెస్టర్ ఆడేది సరదాకి కాదు. ఒకే గోడను రెండు వందల సార్లు ఎక్కి, రెండు వందల ఒకటోసారి మనిషి గోడలోకి దూరిపోతే దాన్ని రాసి పెట్టాలి. దొరికిన ప్రతి తప్పుకీ ఒక టికెట్. ఏం చేస్తే ఏం జరిగింది, అసలు ఏం జరగాలి, ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు జరిగింది అన్నవి అందులో ఉండాలి. టికెట్‌కి తీవ్రత అంకె వేస్తాం. నాలుగంటే అక్షరదోషం లాంటిది. ఒకటంటే ఆట మొత్తం కుప్పకూలేది. తీవ్రత ఒకటి వేస్తే అవతల ఎవరో ఒక ప్రోగ్రామర్ చేతిలో పని వదిలేసి దాని మీద కూర్చోవాలి, అందుకని ఊరికే వేయకూడదు.

ఈ పని నాకు బాగా కుదిరింది. ఏ గదిలోకి వెళ్లినా ప్లగ్గులు ఎంత ఎత్తులో ఉన్నాయో, బల్ల మూలలు మొనదేలి ఉన్నాయో లేదో ముందు చూస్తాను. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ చూపు ఇంకా ముదిరింది. ఇంట్లో దీన్ని చాదస్తమనేవారు. ఆఫీసులో దానికి జీతమిచ్చేవారు.

ఆ సంవత్సరం మాకు వచ్చినది మధ్యయుగపు రాజ్యాల యుద్ధం ఆట. పేరు చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి చెప్పను. అందులో ఐదు పక్షాలు. ఉత్తరాన గుర్రాలవాళ్లు, తూర్పున ఓడలవాళ్లు, ఎడారి విలుకాళ్లు, మంచుకొండలవాళ్లు, దక్షిణాన గిరిదుర్గం. గిరిదుర్గం మన దక్కను కోటల నమూనా మీద చేసిన రాజ్యం. రాతి గుట్ట మీద కోట, చుట్టూ గోడలు, కింద పెద్ద చెరువు, చెరువు కింద వరి. ముట్టడిలో కూడా పంట ఆగదు, అది దాని బలం. ఏనుగులు తలుపులు బద్దలు కొడతాయి, అది ఇంకో బలం. బలహీనతల విషయానికొస్తే, సొంత గుర్రాలు లేవు, ఓడలవాళ్ల దగ్గర కొనాలి. సైన్యం నత్తనడక నడుస్తుంది. చెరువు గట్టు తెగితే మూడు నిమిషాల్లో కోటంతా ఆకలితో పడిపోతుంది. నా ఇంటిపేరు చూసి, ఇది మీవాళ్ల రాజ్యమే కదా అని ప్రకాశ్ భయ్యా ఆ పక్షం బలాబలాల నివేదికను నాకు అప్పగించాడు. మా ముత్తాత ఈ దేశానికి వచ్చింది చెరకు నరకడానికే గాని ఏనుగుల మీద కాదని చెప్పాను. వినలేదు.

బలాబలాల నివేదికకు ఒక పద్ధతుంది. ప్రతి పక్షం మిగతా అన్నిటితోనూ సమానంగా ఆడాలి. గెలుపోటములు ఇంచుమించు సగం సగం రావాలి. ఒక పక్షం అతిగా గెలిస్తే దాని బలం కోస్తారు. అతిగా ఓడితే పెంచుతారు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, ఒకే మనిషి ఒకే పక్షంతో వరసగా ఆడకూడదు. లేకపోతే మనం కొలిచేది పక్షాన్నా, మనిషినా అన్నది తెలియదు. ఆ వంతుల కాగితం నా దగ్గరుండేది. మా టెస్టర్లలో అందరికన్నా వయసులో పెద్దవాడు సెమీ. లంబాసా పక్క పల్లెలో పుట్టిన ఐతౌకేయి మనిషి, అంటే ఈ దీవుల మూలవాసి, మా కన్నా సాఫీగా హిందీ మాట్లాడతాడు. చెరువు తవ్వడం, కాలువ తీయడం లాంటి నిదానమైన పనులు చేసే ఓపిక అతనికే ఉండేది. రెండు ఆటలయ్యాక, "బహినీ, ఈ ఏనుగులు నాకు అలవాటైపోయాయి, వేరేవాళ్లకి ఇవ్వకు" అన్నాడు. ఇవ్వలేదు. కాగితంలో వంతులు మారినట్టే టిక్కులు పెట్టాను. ఇది నా మొదటి తప్పు.

మొదటి వారం గిరిదుర్గం ఓడకపోవడంతో, గోడలు బలమని రాశాను. క్లయింటు తరఫు డిజైనర్ నోరా గోడల ఎత్తు తగ్గించి, ఏనుగులను అరుదుగా చేసి ఆట కొత్త కూర్పు పంపింది. రెండో వారమూ ఓడలేదు. ఏనుగులు ఇంకా బలమేనని రాశాను. మూడో కూర్పులో ఏనుగులే లేవు. నేను సున్నా చూసింది దాని ఫలితాల్లోనే.

అదే రోజు మధ్యాహ్నం నోరా ఉత్తరం వచ్చింది. తమ ఊళ్లో ఆడినవాళ్ల చేతిలో గిరిదుర్గం ప్రతిసారీ ఓడుతోందట, అదీ చాలా త్వరగా. మీ లెక్కకూ మా లెక్కకూ ఇంత తేడా ఎందుకో శుక్రవారం ఉదయం వీడియోలో వివరించమంది. మర్యాదగా రాసింది, అందుకే ఇంకా భయమేసింది. తర్వాతి దశ ఒప్పందం మీద ఇంకా సంతకాలు కాలేదు. ఆ పని వేరే దేశంలోని ఆఫీసుకి వెళ్తే మా ఆఫీసు మూతే. ప్రకాశ్ భయ్యా ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కిటికీ తలుపు తీసి, మళ్లీ మూసి, "శుక్రవారం నువ్వే మాట్లాడు. నీ రాజ్యం" అన్నాడు.

ప్రతి ఆటా మొదటి నుంచి చివరి దాకా రికార్డవుతుంది. నేను వాటిని ఒక్కొక్కటే పెట్టుకుని చూశాను. అన్నిటిలోనూ ఒకే వింత. శత్రు సైన్యాలు గిరిదుర్గం వైపు ఠీవిగా నడిచి వస్తాయి. సరిహద్దు రాయి దగ్గర ఆగుతాయి. కాసేపు అక్కడే నిలబడి, పక్కకి తిరిగి, ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటాయి. విలుకాళ్లంతే, గుర్రాలంతే. సైన్యం దారి వెతుక్కునే లెక్కలో లోపముందని నాకు ఖాయంగా అనిపించింది. తీవ్రత ఒకటి అని వేసి టికెట్ పంపించి ఇంటికి వెళ్లాను. ఇది రెండో తప్పు.

బుధవారమంతా అక్కడి ప్రోగ్రామర్ ఆ టికెట్ మీదే కూర్చున్నాడు. గంటగంటకీ ఒక ప్రశ్న వచ్చేది. రాయి తీసి చూశారా, వాన కురిసేటప్పుడు కూడా అలాగే ఆగుతున్నాయా అని. సాయంత్రం ఇంటికెళ్లేసరికి నా ముఖం చూసి మా అత్తయ్య సంగతేమిటని అడిగింది. ఆవిడ రాకిరాకిలో పుట్టి పెరిగిన మనిషి, ఇంట్లో తెలుగు మాట్లాడేది ఇప్పుడు ఆవిడొక్కతే. అంతా విని, "నువ్వు ఆట ఆడతా, వాళ్లు పైసా ఇస్తా, మళ్లీ నువ్వే ఏడుస్తా? ఏం నౌకరీ ఇది పిల్లా?" అంది. ఆ ప్రశ్నకు తీవ్రత ఎంత వేయాలో నాకు తోచలేదు.

గురువారం ఉదయం ప్రోగ్రామర్ జవాబు వచ్చింది. దారి లెక్కలో ఏ లోపమూ లేదు. సైన్యాలు ఆగింది ఆడేవాళ్లు ఆపితేనేనట. నేను ఆ మాట నమ్మక వినేశ్‌ని పిలిచాను. వినేశ్ మాలో చురుకైన టెస్టర్, లౌటోకా దగ్గర ద్రాసా కుర్రాడు, ఆ వారం గుర్రాలవాళ్లతో ఆడినవాడు. అతని ఆటే పెట్టి, సరిహద్దు దగ్గర ఆగిన గుర్రాలను చూపించి, ఇవెందుకు ఆగాయని అడిగాను. గుడిలోకి చెప్పులు విప్పి ఎందుకు వెళ్తారని అడిగినట్టు చూశాడు నావైపు.

"అరే దీదీ, సేవుసేవు లే లియా. ఫిర్ కైసే మారేగా?"

సేవుసేవు పుచ్చుకున్నాక ఇంక ఎలా కొట్టేదని. ఇక్కడ ఒకరి ఊరికి వెళ్లినప్పుడు నీళ్లలో కలిపి తాగే యాకోనా వేళ్ల కట్ట తీసుకెళ్లి ఊరిపెద్ద ముందు పెట్టి, నాలుగు మాటలు చెప్పడం ఐతౌకేయి ఆచారం. పెద్ద దాన్ని తాకి, అరచేతులు గుంటగా వంచి మూడు చప్పట్లు కొట్టి పుచ్చుకుంటే, వచ్చినవాడు ఇక ఆ ఊరివాడి కిందే లెక్క. అతని మీద చెయ్యి వేయకూడదు. దీన్ని దాటడం మా హిందువుల ఇళ్లలో పుట్టినవాళ్లకి కూడా ఊహకందదు. సెమీ ప్రతి ఆట మొదట్లోనూ 'కానుక' మీట నొక్కి, ఇరుగుపొరుగు నలుగురు రాజులకీ తలా పది మూటల మిరియాలు పంపేవాడు. ఆటలో యాకోనా లేదు. మిరియాల తీగా యాకోనా మొక్కా దాయాదులని అతనెక్కడో చదివాడట. పంపుతూ తన కుర్చీలోనే తల వంచి, చెప్పాల్సిన మాటలన్నీ పైకి చెప్పేవాడు. అందరూ 'స్వీకరించు' నొక్కి మూడు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆఫీసులో సరదా కోసం చేస్తున్నారనుకున్నాను.

"సరదా ఏంటి దీదీ? మరి తుమ్ భీ తో నై మారా" అన్నాడు వినేశ్. నువ్వు మాత్రం కొట్టావా అని.

ఎవరైనా సెలవు పెడితే వాళ్ల బదులు నేను ఆడేదాన్ని. మూడో వారంలో ఎడారి విలుకాళ్లతో ఆడిన నా ఆట తీసి పెట్టాను. నా సైన్యం సరిహద్దు రాయి దాకా వచ్చింది. ఆగింది. నా వేలు ఆ మీట మీద ఎందుకు ఆగిందో ఆ రోజు నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పక్కకి తిప్పి ఓడల రేవును తగలబెట్టాను. మూడు వారాలుగా నేను గోడలనీ ఏనుగులనీ రాసిన బలం సెమీ మర్యాదది. నా సంతకం మీద ఒక రాజ్యానికి ఏనుగులన్నీ పోయాయి.

ప్రకాశ్ భయ్యా విషయం విని చాలాసేపు నవ్వి, ఆ తర్వాత నవ్వు ఆపేసి, టికెట్ ఎలాగూ వేశావు కదా, ఆటలో లోపమే, బగ్గేనని గట్టిగా చెప్పెయ్యమన్నాడు. "బగ్గుకి పోయే పరువుండదు సరోజా, మనకుంటుంది." కానీ రికార్డులు వాళ్ల దగ్గరా ఉన్నాయి. ఏ మీట ఏ క్షణంలో ఎవరు నొక్కారో అందులో ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు చూస్తారు. పైగా తప్పని తెలిసీ తీవ్రత ఒకటి వేసి ఉంచడం నాకు చేతకాలేదు. మధ్యాహ్నం మళ్లీ ఆడదామని, ఈసారి అందరూ గిరిదుర్గాన్ని కొట్టాలని, ఇది ఆఫీసు ఆజ్ఞ అని చెప్పాను. అందరూ సెమీ వైపు చూశారు. చివరికి సెమీయే, "కొట్టండి, కొట్టండి, నేనేం అనుకోను" అన్నాడు. పెళ్లికి పిలవకపోయినా ఏమనుకోననే మేనమామ గొంతులా ఉంది అది.

వినేశ్ కొట్టనన్నాడు. కావాలంటే అందరికీ వంట కూడా చేసి పెడతాను గాని ఆ పని తనకు చెప్పొద్దన్నాడు. కాబట్టి అతని కుర్చీలో నేనే కూర్చున్నాను. ఆట మొదలైంది. అలవాటు కొద్దీ సెమీ మిరియాలు పంపాడు. పంపాక నాలుక్కరుచుకున్నాడు. నా తెర మీద రెండు మీటలు వెలిగాయి. స్వీకరించు. తిరస్కరించు. నేను రెండోది నొక్కాను.

తెర నల్లబడింది. ఆట మూసుకుపోయింది. నాది ఒక్కటే కాదు, గదిలో ఐదుగురివీ.

దేవుడే మూశాడన్నాడు వినేశ్. మేము మళ్లీ తెరిచి, మళ్లీ తిరస్కరించాం. మళ్లీ నల్లబడింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే. ఎడారివాళ్లతో, ఓడలవాళ్లతో కూడా చేసి చూశాం. అంతే. ఆ మీటను ఇన్నాళ్లూ ఎవరూ నొక్కలేదు. నాకు భయమేసింది, వెంటనే సంతోషమూ వేసింది. ఆ రెండూ ఒకేసారి రావడం టెస్టర్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. టికెట్ రాశాను. ఈసారి తీవ్రత ఒకటి వేసి, పదికి పదిసార్లని పక్కన రాశాను.

ఆ తర్వాత కానుకల ఊసు లేకుండా ఆడాం. నా గుర్రాలు సరిహద్దు దాటాయి. చెరువు గట్టు తెగ్గొట్టాను. వరి పోయింది, కోట ఆకలితో పడిపోయింది. నేను లేచి సెమీ దగ్గరికి వెళ్లాను. అతను ఎండిపోయిన చెరువు వైపు చూస్తూ, "ఆ కాలువ తీయడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా బహినీ?" అన్నాడు. తెలుసన్నాను. నిజంగానే తెలుసు, రికార్డులో చూశాను. వంతులు మార్చి, పక్షాలు మార్చి సాయంత్రం దాకా ఆడించాను. గిరిదుర్గం ఎవరి చేతిలో ఉన్నా ప్రతిసారీ ఓడింది. ఐదు పక్షాల్లో అన్నిటికన్నా బలహీనమైనది అదే.

శుక్రవారం ఉదయం వీడియోలో నోరా, ఆ పక్కన ప్రోగ్రామర్. నేను వరసగా చెప్పాను. వంతుల కాగితంలో అబద్ధపు టిక్కులు పెట్టింది నేనే. సైన్యాలు ఆగింది సేవుసేవు వల్ల. మీరు బుధవారమంతా వెతికిన లోపం లేనే లేదు, ఆ టికెట్ నాది, వెనక్కి తీసుకుంటున్నాను. లైన్ పోయిందేమోనని ప్రకాశ్ భయ్యా వైరు కదిలించి చూశాడు. పోలేదు. అప్పుడు నోరా ఒకే ఒక్క ప్రశ్న వేసింది. మూడు వారాల్లో ఒక్కరు కూడా కానుక తిరస్కరించలేదా? లేదన్నాను. తిరస్కరిస్తే ఏమవుతుందో కూడా చెప్పాను. తమ ఊళ్లో ఆడినవాళ్లు అసలు ఒకరికొకరు కానుకే పంపుకోలేదట. దాంతో ఆ మీట ఉన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు లేదు. ప్రోగ్రామర్ మా ఎదురుగానే నొక్కి చూశాడు. అతని ఆటా మూసుకుపోయింది. అతనొక మాట అన్నాడు. అది ఏ భాషో మాకెవరికీ తెలియదు, అర్థం మాత్రం తెలిసింది.

ఒప్పందం నిలబడింది. రెండు షరతులు పెట్టారు. వంతుల కాగితం ప్రతి వారం నోరాకి వెళ్లాలి, అది నేను కాక ప్రకాశ్ భయ్యా నింపాలి. బలాబలాలు కొలిచే ఆటల్లో కానుక మీట పనిచేయదు. నా హోదా తగ్గించలేదు, కానీ ఆ సంవత్సరం నన్ను లీడ్ టెస్టర్ని చేస్తారన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గిరిదుర్గానికి ఏనుగులు తిరిగి రావాలని, గోడలు పాత ఎత్తుకి పెంచాలని నివేదిక రాసి పంపాను.

దాని వల్ల నేను నేర్చుకున్నది ఇదీ. ఒక పక్షం బలం రాసేటప్పుడు, ఆడేవాళ్లు ఏం చేయగలరన్నదాని కన్నా ముందు, ఏం చేయరో రాయాలి. రాసేవాళ్లు తమ ఆట కూడా తీసి చూసుకోవాలి.

శనివారం ఉదయం పిల్లలిద్దరూ వరండాలో క్యారమ్స్ ఆడుతున్నారు. ఏడేళ్ల మీనా ప్రతి దెబ్బనూ కావాలని పక్కకి కొడుతోంది. నాలుగేళ్ల కిశన్ తాను మహావీరుడినని కేకలు వేస్తున్నాడు. నీ ఆఫీసు మూసేస్తారా అమ్మా అని మీనా అడిగింది. మూయరని చెప్పాను. చెప్పి బోర్డు పక్కన కూర్చుని, ఎవరినైనా ఓడించకూడదని మనసులో ఉంటే ఆ మాట ఆటకి ముందే పైకి చెప్పాలని చెప్పాను. చెప్పకుండా ఓడిపోతే అవతలివాడు తన గోడ చాలా ఎత్తనుకుంటాడని, మూడు వారాల తర్వాత ఎవరో వచ్చి దాన్ని కొలుస్తారని కూడా చెప్పాను.